అదే సాల్ట్ అని కంట్లో వేసుకున్నాను

ఆ రోజు మలేరియా కిట్టులో నాకు ఒక్క గీతే కనబడింది. పక్కన కూర్చున్న కన్నమ్మకు రెండు కనబడ్డాయి.

నేను మితానిన్‌ని. వేరే రాష్ట్రాల్లో ఆశా కార్యకర్త అంటారే, మా ఛత్తీస్‌గఢ్‌లో ఆ పనికి ఈ పేరు. మా ఊరు ఉసూర్ పక్కన, తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. పదో తరగతి వరకు చదివాను కాబట్టి ఊళ్ళో ఎవరికి ఏ మందు చీటీ వచ్చినా నా చేతికే వస్తుంది. కన్నమ్మ అవతలి వాడకు మితానిన్. దోర్ల తెగ మనిషి, నాకంటే పదేళ్ళు చిన్నది. బడికి వెళ్ళింది రెండు మూడేళ్ళే.

కిట్టు సంగతి తెలియనివారికి చెబుతాను. జ్వరం మనిషి వేలికొస గుచ్చి, ఒక చుక్క రక్తం అందులో వేసి, మందునీళ్ళు వేసి పావుగంట ఆగాలి. మొదటి గీత వస్తే కిట్టు బాగా పనిచేస్తోందని అర్థం. రెండో గీత కూడా వస్తే మలేరియా ఉన్నట్టు. ఆ రెండో గీత ఎంత పలుచగా ఉన్నా ఉన్నట్టే లెక్క. ఆ రోజు చలిజ్వరంతో వచ్చింది మా వీధి కోడలు బుద్రి. చంకలో పాలు తాగే పిల్ల.

"ఏం లేదు, మామూలు జ్వరం" అన్నాను.

"అక్కా, రెండో గీత ఉంది సూడు. సన్నగుంది గానీ ఉంది" అంది కన్నమ్మ.

"ఏడుందే? నీడ పడ్డది."

"నీడ గాదక్కా. ఎండల పెట్టి సూడు."

నా స్వభావం గురించి ముందే చెప్పుకోవాలి. నేను అనుమానం మనిషిని. ఎవరు ఆవులించినా పేగులు లెక్కపెట్టేస్తానని మా ఆయన అంటాడు. నాకు అప్పుడు మొదట వచ్చిన ఆలోచన నా కళ్ళ గురించి కాదు, కన్నమ్మ గురించి. అందరి ముందు నన్ను తక్కువ చేయాలని చూస్తోంది, నా వాడ కూడా తన చేతికి తీసుకోవాలని చూస్తోంది అనుకున్నాను. కిట్టు పట్టుకుని వాకిట్లో ఎండలోకి వెళ్ళాను. కళ్ళు గట్టిగా నాలుగుసార్లు మూసి తెరిచాను. గీత వచ్చింది. సన్నగా, గులాబి రంగులో. చూస్తుండగానే మళ్ళీ మసకలో కలిసిపోయింది.

బుద్రికి మందు ఇచ్చాం. కోలుకుంది. కానీ కన్నమ్మ ఆ రోజు పక్కన లేకపోతే నేను ఆమెను ఉత్త జ్వరం బిళ్ళతో ఇంటికి పంపేదాన్ని. ఆ సంగతి నాకూ తెలుసు, కన్నమ్మకూ తెలుసు. భయమేసింది. అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. నా కిట్ల పెట్టె ఇక నాది కాకుండా పోతుందేమోనన్న దిగులు ఆ రోజే పట్టుకుంది.

నిజానికి కళ్ళు చాలా నెలలుగానే చెబుతున్నాయి. పొద్దున లేస్తే రెప్పల కింద ఇసుక పోసినట్టు ఉండేది. గాలి తగిలితే నీళ్ళు కారేవి. ఇప్పపువ్వు కాలంలో మరీ ఎక్కువ. మా దగ్గర ఇప్పపువ్వు రాలే ముందు చెట్టు కింద ఎండుటాకులు పోగుచేసి కాలుస్తారు. నేల శుభ్రంగా ఉంటే తెల్లారి రాలిన పువ్వు ఏరుకోవడం సులువు. ఆ పొగలో, ఆ బూడిదలో నెలరోజులు వంగి ఏరతాం. మా అమ్మ ఏరింది, నేనూ ఏరుతున్నాను. కళ్ళు మండితే కొంగుతో తుడుచుకోవడం తప్ప అదొక జబ్బని ఎవరూ అనుకోలేదు.

"పొద్దస్తమానం ఏడుస్తనే ఉంటవ్, నేనేమన్నా కొట్టిన్నా?" అనేవాడు మా ఆయన ముత్తయ్య. ఊళ్ళో నలుగురు చూస్తే తననే అనుమానిస్తారని ఆయన బాధ.

మా అమ్మాయి స్వప్న దంతెవాడలో బట్టల కొట్లో పనిచేస్తుంది. గది అద్దెకు తీసుకుని ఉంటుంది. ఫోన్లో విని, "రా అమ్మా, ఇక్కడ కంటి డాక్టరుకు చూపిస్త" అంది. ఉసూర్ నుంచి జీపు ఎక్కి, బీజాపూర్‌లో బస్సు మారి, గీదం మీదుగా దంతెవాడ చేరేసరికి దారి దుమ్ముకు నా కళ్ళు నిప్పుల్లా అయిపోయాయి.

కంటి డాక్టరు ఆడమనిషి. గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన ఆంధ్ర అమ్మాయి. తెలుగులో మాట్లాడింది. సంతోషపడాల్సింది పోయి దానికి కూడా అనుమానపడ్డాను. ఇంత తియ్యగా 'అండి' అంటోంది, ఏం అంటగడుతుందో అని.

గడ్డం ఒక మెషిన్ మీద పెట్టించి వెలుగు వేసి చూసింది. తర్వాత సన్నటి కాగితం ముక్కను కింది రెప్పలో వేలాడదీసి అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోమంది. అది షిర్మర్ టెస్ట్ అట. ఊళ్ళో అందరి వేళ్ళూ గుచ్చి కూర్చోబెట్టేదాన్ని, ఇప్పుడు నేను కాగితం వేలాడేసుకుని కూర్చున్నాను. అయిదు నిమిషాల తర్వాత దాని మీద గీతలు చూసి, "కనీసం పది దాకా తడవాలండి. మీది నాలుగు దగ్గరే ఆగిపోయింది. డ్రై ఐ. కళ్ళు ఎండిపోయాయి" అంది.

నాకు కోపం వచ్చింది. "మేడం, నాకు పొద్దంతా నీళ్ళు కారుతున్నయ్. ఎండిపోయినయ్ అంటరేంది?"

"ఎండి మండుతుంటేనే అలా కారతాయమ్మా. అవి వచ్చి జారిపోయే నీళ్ళు. కంటిని పట్టుకుని నిలబడే తడి వేరే. అది మీకు చాలట్లేదు. అందుకే మసక. రెప్ప కొడితే కాసేపు తేటపడుతుంది కదా?"

తేటపడుతుంది. వాకిట్లో కిట్టు పట్టుకున్నప్పుడు జరిగింది అదే. నేను చెప్పకుండానే ఆమెకెలా తెలిసిందని ఇంకో అనుమానం.

చుక్కల మందు రాసింది. సోడియం హయలురోనేట్ ఐ డ్రాప్స్, 0.1 పర్సెంట్, రోజుకు నాలుగుసార్లు. గోరువెచ్చటి గుడ్డ రెప్పల మీద పెట్టుకోవాలి. పొగకు దూరంగా ఉండాలి. సీసా మూత తీసిన నెలకు, మందు మిగిలినా సరే, పారేయాలి.

"ఇది పరాయి వస్తువేం కాదండి" అని ఆమె వివరంగా చెప్పింది. "మన ఒంట్లోనే ఉంటుంది, కంట్లో, కీళ్ళలో, చర్మంలో. నీటిని పట్టి ఉంచుతుంది. మోకాళ్ళు అరిగినవాళ్ళకు కొందరికి కీలులోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. కంటి ఆపరేషన్లో జెల్‌లా వాడతారు. మొహానికి రాసుకునే క్రీముల్లో కూడా వేస్తున్నారు."

నేను తల ఊపాను గానీ లోపల గంట కొట్టింది. ప్రతి శుక్రవారం మా సంతలో ఒకడు డబ్బా మీద నిలబడి నూనె అమ్ముతాడు. నడుంనొప్పికి అదే, పంటినొప్పికి అదే, జుట్టు ఊడితే అదే, పిల్లలు పుట్టకపోయినా అదే. అన్నింటికీ పనిచేసేది దేనికీ పనిచేయదని ఊళ్ళోవాళ్ళకు మొత్తుకునేది నేనే. ఇప్పుడు చదువుకున్న డాక్టరు కన్ను, మోకాలు, మొహం అంటూ అదే పాట పాడుతోంది!

మందుల షాపులో మరో గొడవ. చీటీ మీద ఒక కంపెనీ పేరు ఉంటే షాపతను ఇంకో కంపెనీ డబ్బా ఇచ్చాడు. నేను వెనక్కి నెట్టాను. "సాల్ట్ వహీ హై, కంపెనీ అలగ్ హై" అన్నాడు, అంటే సాల్ట్ అదే, కంపెనీ వేరే అని. మందుల భాషలో సాల్ట్ అంటే మందులో పనిచేసే అసలు పదార్థం. ఆ మాట ఊళ్ళో నేనే వందసార్లు చెప్పి ఉంటాను. మితానిన్ల మీటింగుల్లో మాకు నేర్పింది అదే. డబ్బా మీది పెద్ద పేరు చూసి మోసపోవద్దు, లోపలి సాల్ట్ పేరు చూడండి అని. అక్షరం అక్షరం పోల్చుకున్నాను. సరిపోయింది. నా సూత్రం నాకే చెప్పాడు కాబట్టి డబ్బు కట్టి ఆ డబ్బానే తీసుకున్నాను.

ఇంటికొచ్చి మందును పరీక్షకు పెట్టాను. వారం రోజులు కుడికంట్లోనే వేసుకున్నాను. ఎడమకన్నును సాక్షిగా వదిలేశాను. కొత్త మందు ఏదైనా ఒక పక్కే చూసుకోవడం నాకు ఎప్పటినుంచో అలవాటు. వారానికి కుడికంట్లో ఇసుక తగ్గింది. ఎడమది అలాగే ఉంది. అప్పుడు రెండింటికీ మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి కిట్టులో గీతలు నిలబడి కనిపించసాగాయి. డాక్టరు మీద సగం నమ్మకం కలిగింది. మిగతా సగం ఆ 'నెలకు పారేయాలి' అన్న మాట దగ్గర ఆగిపోయింది. సగం సీసా మందు పారబోయాలా? ఇంకో సీసా కొనిపించే ఎత్తు కాకపోతే ఏమిటి? పారేయలేదు. ఆ రెండో నెల కూడా అదే వాడాను. సీసా నోరు రెప్పకు తగులుతున్నా, దాన్ని పొయ్యిగట్టు మీద పెట్టినా పట్టించుకోలేదు.

ఇప్పపువ్వు కాలం వచ్చింది. స్వప్న నాలుగు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చింది. వచ్చీరాగానే సీసా తీసి వెనకాముందు చదివింది.

"అమ్మా, దీన్ని తెరిచి ఎన్నాళ్ళయింది?"

"ఏమో. నీకెందుకు?"

"నెల దాటితే పారేయమని దీని మీదనే ఉంది. ఊరందరికీ చెప్తవ్, నీకు వర్తించదా?"

అని పొయ్యిలో పడేసింది. ప్లాస్టిక్ కాలిన కంపు. మా ఇద్దరికీ పెద్ద గొడవయింది. దంతెవాడ వెళ్ళగానే కొత్తది కొని తెలిసిన జీపు డ్రైవరుతో పంపిస్తానంది. నాకేం అక్కర్లేదన్నాను. మర్నాడు అలిగే వెళ్ళిపోయింది. ఆ తొందరలో, అద్దం దగ్గర పెట్టుకున్న మొహం సీరం సీసా మరిచిపోయింది.

ఆమె వెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం. పొద్దుటి నుంచి చెట్ల కింద పొగలో ఉన్నాను. కళ్ళలో కారం కొట్టినట్టుంది. మర్నాడు ఊరంతా ఇంటింటికీ తిరిగి మలేరియా జాంచ్, అంటే పరీక్ష, చేయాలి, పైనుంచి సూపర్‌వైజర్ వస్తున్నారు. కిట్టు తీసి చూసుకుంటే దాని మీద రాసిన అక్షరాలే అలుక్కుపోయి కనబడుతున్నాయి. రేపు అందరి ముందు గీత తప్పుగా చదివితే? కన్నమ్మ 'అక్కా, రెండుంది' అని మళ్ళీ అంటే?

మొహం కడుక్కుందామని అద్దం దగ్గరికి వెళ్తే ఆ సీరం కనబడింది. చిన్న గాజు సీసా, పైన రబ్బరు బుడ్డి, లోపల చుక్కలు వేసే గొట్టం. అచ్చం మందు సీసాలాగే ఉంది. వెనక చీమల బారులాంటి అక్షరాలు. కళ్ళద్దాలు పెట్టుకుని, ఎండకు పట్టి, రెప్పలు కొట్టుకుంటూ వేలు పెట్టి చదివాను. నాలుగో పేరు దగ్గర వేలు ఆగిపోయింది. సోడియం హయలురోనేట్.

మళ్ళీ చదివాను. అదే. ఒక్క అక్షరం తేడా లేదు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మందు దొరికిందని కాదు, దొంగ దొరికాడని. డాక్టరు నోటితోనే చెప్పింది కదా, మొహం క్రీముల్లో కూడా వేస్తారని. ఒకే సరుకు, రెండు డబ్బాలు. ఆసుపత్రి వైపు నుంచి అమ్మితే కంటిమందు, ఫ్యాన్సీ కొట్టు నుంచి అమ్మితే సీరం. అదే సాల్ట్, కంపెనీ వేరే. నన్నెవరూ మోసం చేయలేరు అనుకుని గర్వంగా మంచం మీద వెల్లకిలా పడుకుని, అలవాటు ప్రకారం కుడికంట్లో మాత్రమే రెండు చుక్కలు వేసుకున్నాను.

ఒక్క క్షణం చల్లగా ఉంది. ఆ తర్వాత ఏమైందో మాటల్లో చెప్పడం కష్టం. కంట్లో పచ్చిమిర్చి నూరి పెట్టి మూత వేసినట్టు. నేను పెట్టిన కేకకు మా ఆయన పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. కుండలో చెంబు ముంచి మొహం మీద కొడుతున్నాడు, నేను కన్ను తెరవలేకపోతున్నాను. మర్నాటి జాంచ్ జాబితా తీసుకుని కన్నమ్మ అప్పుడే వాకిట్లోకి వచ్చింది. ఆ సంచీ విసిరేసి నా తల తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళతో రెప్పలు విడదీసి పట్టుకుంది.

"తెరువక్కా! మూస్తె పోతది కన్ను. అన్నా, మెల్లగ పొయ్యి. ఆపకు, పోస్తనే ఉండు."

రెండు కుండల నీళ్ళు అయిపోయాయి. బోరింగు నుంచి మళ్ళీ తెచ్చారు. అరగంట పోశారట. నాకు ఒక యుగం గడిచినట్టుంది. మంట కొంచెం దిగాక కన్నమ్మ మొదట అడిగింది "ఏం ఏసుకున్నవ్?" అని. సీసా చూపించాను. దాన్ని గుడ్డలో చుట్టి, "గిది డాక్టరుకు సూపియ్యాలె" అని బొడ్లో దోపుకుంది. పురుగుమందు తాగినవాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు డబ్బా కూడా తీసుకెళ్ళాలని మాకు మీటింగులో చెప్పింది అదే. గుర్తున్నది ఆమెకు.

బీజాపూర్‌లో మళ్ళీ కన్ను కడిగి, మందు వేసి, దంతెవాడకు వెళ్ళమన్నారు. దారి పొడవునా కుడికన్ను గుడ్డ కింద, ఎడమకన్ను తెరిచి ఉంది. ఆ ఎడమకన్నుతో ఏం చూశానో చెబితే మీరు నవ్వుతారు. కన్నమ్మ ఒళ్ళో ఉన్న నా కిట్ల పెట్టెను చూశాను. "ఇదెందుకు తెచ్చినవ్?" అని అడిగాను.

"ఇంట్ల పెడితె ఎండకు ఖరాబైతయ్ గదా. రేపటి జాంచ్ కూడ నీ కన్ను బాగైనంకనే అని సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి చెప్పిన" అంది.

ఆమె ఇంత మంచితనం ఎందుకు చూపిస్తోందని గీదం దాకా ఆలోచించాను. కారణం దొరకలేదు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఆ బస్సులో నా పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది.

డాక్టరు కంట్లో పచ్చటి రంగు మందు వేసి నీలం దీపంతో చూసింది.

"కార్నియా పైపొర లేచిపోయింది. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర అది. ఏం వేసుకున్నారు?"

కన్నమ్మ గుడ్డ విప్పి సీసా ఇచ్చింది. నేను నా వాదన చెప్పాను. సాల్ట్ అదే కదా మేడం అన్నాను. ఆమె తిట్టలేదు. సీసా తిప్పి ఒక్కో పేరు బయటికి చదివింది. నీళ్ళు, గ్లిజరిన్, ఇంకేదో, నాలుగోది నా సోడియం హయలురోనేట్. దాని తర్వాత ఇంకా పది పేర్లు. నిల్వ ఉండటానికి కలిపినవి, వాసన కోసం కలిపినవి.

"మీరు నాలుగోది చదివి ఆగిపోయారమ్మా. మిమ్మల్ని కాల్చింది తర్వాతివి. ఇది చెంపల మీద రాసుకోవడానికి చేసింది. కంట్లో వేసేదాన్ని క్రిములు లేకుండా వేరేగా తయారుచేస్తారు. మోకాలికి వేసేది కంట్లో వేయరు, కంట్లో వేసేది మోకాలికి వేయరు. పదార్థం ఒకటే అయినా మందు ఒకటి కాదు."

"చూపు పోతదా మేడం?" అని అడిగాను.

"చెప్పలేను. పొర మూసుకోవాలి, మచ్చ పడకూడదు. మూడు రోజులు చూద్దాం. వెంటనే అంతసేపు కడగడం మీ అదృష్టం. ఇంకో అదృష్టం, రెండో కంట్లో వేసుకోలేదు."

యాంటిబయాటిక్ చుక్కలు రాసింది. ఆయింట్‌మెంట్ రాసింది. దాని కింద ఇంకో పేరు రాస్తుంటే చూసి ఉలిక్కిపడ్డాను. సోడియం హయలురోనేట్.

"మళ్ళ అదేనా!"

"అదే. కంటి కోసం చేసింది. నిల్వమందు కూడా కలపనిది" అని ఆమె మొదటిసారి నవ్వింది.

అప్పుడు కన్నమ్మ ముందుకు వంగి ఒక ప్రశ్న అడిగింది. పదో తరగతి చదివిన నేను ఏ మీటింగులోనూ అడగని ప్రశ్న. "మేడం, మా అసోంటి సదువు రానోళ్ళు దేన్ని సూసి గుర్తువట్టాలె? గిది కంటిదని."

డాక్టరు కంటిమందు డబ్బా తీసి, పెద్ద అక్షరాల మీద వేలు పెట్టింది. "ఇ, వై, ఇ. ఐ అని. ఈ మూడూ ఉంటేనే కంట్లో వేయాలి."

కన్నమ్మ డబ్బాను దగ్గరగా పట్టుకుని చూసింది. "దువ్వెన, పంగలకర్ర, దువ్వెన" అంది.

నిజమే. పళ్ళున్న దువ్వెనలాంటి అక్షరం, మధ్యలో రెండుగా చీలిన కర్ర, మళ్ళీ దువ్వెన. డాక్టరు ఆ మాటను బల్ల మీది ఓ కాగితం మీద రాసుకుంది, వేరేవాళ్ళకు చెప్పడానికి.

స్వప్న గదిలో మూడు రోజులున్నాను. అమ్మాయి మొదటి రోజు నాతో మాట్లాడలేదు. నేనే మొదలుపెట్టాను, తప్పు ఆమె మీదికి నెడదామని. "నీ సీరం నీతోని తీస్కపోతే గిది జరిగేదా?"

"ఊరందరి దవాయి చీటీలు సదివేదానివి నువ్వు. అది మొకానికని నీకు నేను చెప్పాల్నా అమ్మా?" అని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఏడిస్తే కుడికన్ను ఇంకా మండింది. అయినా ఆపుకోలేకపోయాను. కన్నమ్మ రెండు గంటలకోసారి చుక్కలు వేసింది. ప్రతిసారీ వేసే ముందు డబ్బా మీద దువ్వెన, పంగలకర్ర, దువ్వెన వేలితో తడిమి చూసి వేసింది. మొదటి రోజు నేనూ డబ్బా చేతికి తీసుకుని సరిచూసుకున్నాను. మూడో రోజు చూడలేదు. ఉత్తగా తల పైకెత్తాను.

మూడో రోజు మళ్ళీ పచ్చ రంగు, నీలం దీపం. "పొర మూసుకుందండి. ఓ మూల చిన్న మసక మిగిలింది, చూపుకు అడ్డం రాదు" అంది డాక్టరు. గుడ్డికన్నా మెల్ల నయం అనుకున్నాను. నాకు మెల్ల కూడా రాలేదు.

తర్వాతి మీటింగులో లేచి నిలబడి జరిగింది చెప్పాను. నవ్వుతారని తెలుసు, నవ్వారు. కానీ మీటింగయ్యాక ఇద్దరు విడివిడిగా వచ్చి, తాము కూడా ఒంటికి రాసే ఆయింట్‌మెంట్ పేరు చూసి ఇంట్లోవాళ్ళ కంట్లో పెట్టామని మెల్లగా చెప్పారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు చుక్కలు రోజుకు నాలుగుసార్లు వేసుకుంటాను. కళ్ళు పూర్తిగా మామూలైపోయాయని అనను. గాలిరోజుల్లో ఇసుక మళ్ళీ వస్తుంది. ఇప్పచెట్టు కింద మంట పెట్టడం మానేశాం. ఆకు ఊడ్చేసి పాత చీరలు పరుస్తాం. పువ్వు చీరల మీదే రాలుతుంది. మా ఆయన మొదట గొణిగాడు, ఇప్పుడు చీరలు ఆయనే పరుస్తున్నాడు.

వానలు పడ్డాక బుద్రికి మళ్ళీ జ్వరం వచ్చింది. కిట్టు వేశాను. పావుగంటయ్యాక చూశాను. రెండో గీత ఉన్నట్టే ఉంది, వెంట్రుకలా. ఆ కిట్టు ఏమీ చెప్పకుండా కన్నమ్మకు ఇచ్చాను. ఆమె చూసి, "లేదనిపిస్తాందక్కా" అంది. నాలో పాత అనుమానం మనిషి లేచింది. ఈసారి అనుమానం కన్నమ్మ మీద కాదు, నా కళ్ళకే తప్పు కనబడుతోందేమోనని. ఇద్దరం వాకిట్లో ఎండలోకి వెళ్ళాం. తలలు దగ్గరపెట్టి చూశాం.

"ఉందక్కా" అంది కన్నమ్మ. "ఈసారి నీకే కనబడ్డది."

అప్పటి నుంచి మా రెండు వాడల్లో ప్రతి కిట్టూ ఇద్దరం చూస్తాం. ఇద్దరిలో ఒకరికి గీత కనబడినా ఎండలోకి వెళ్తాం.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే. కంట్లో ఏం వేసుకున్నా, మందు పేరు చదివి ఆగిపోకండి. అది కంటికి చేసిందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి, మూత తీసిన రోజు సీసా మీద రాసి పెట్టుకోండి. మీరు ఎంత చదువుకున్నా సరే, వేసే ముందు ఇంకొకరికి చూపించండి.

మొన్న కొత్త సీసా తెరిచి కన్నమ్మకు ఇచ్చాను. వేలు పెట్టి మెల్లగా చదివింది. "దువ్వెనుంది. పంగలకర్రుంది. దువ్వెనుంది." ఆపైన సీసా అటూ ఇటూ తిప్పి నా వైపు చూసింది.

"తారీకు ఏదక్కా?"

రాయడం మరిచిపోయాను. పెన్ను తెచ్చి రాశాను. ఆమె చూసి, సరేనని తల ఊపి, నా కుడికంట్లో మొదటి చుక్క వేసింది.